నులిపురుగుకు చదువు రాదు

మా పెద్దసారు పోయారన్న కబురు నాకు చెప్పవలసినవారు చెప్పలేదు. ఆ ఉదయం వారింట్లో ఫోను చేయగల స్థితిలో ఎవరూ లేరు. చెప్పినవాడు నర్సరీ యజమానుల సంఘం అధ్యక్షుడు.

“నమస్తే మేడమ్. మీ పెద్దసారు పోయిండట, మాలుమైందా? గుండెపోటంట. సంఘం తరఫున సంతాపసభ పెడుతున్నం. ఫ్లెక్సీ కొట్టియ్యాలె. జెర మంచిగ నవ్వుకుంట ఉన్న ఫోటో ఏమన్న ఉంటే పంపున్రి.”

ఆయన ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన నవ్వకుండా ఉండేందుకు తన శాయశక్తులా పాటుపడిన మనిషి, ఆయన పోయిన పూటే నవ్వుతున్న ఫోటో అడిగాడు. నా దగ్గర లేదన్నాను. అది నిజమే. సారు ఉద్యానశాఖలో నర్సరీల తనిఖీ అధికారి. నేను అదే శాఖ ప్రయోగశాలలో వేళ్లనూ మట్టినీ పరీక్షించే ఉద్యోగిని. మా ఇద్దరి పనిలోనూ ఫోటో తీయించుకునే సందర్భాలు తక్కువ.

సికింద్రాబాదు సీతాఫల్‌మండిలో వారి ఇంటికి వెళ్లేసరికి చర్చి నుంచి వచ్చినవాళ్లు కీర్తన పాడుతున్నారు. బడిలో పంతులమ్మగా పనిచేస్తున్న వారి అమ్మాయి నా చేయి పట్టుకుని, “నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారండీ” అంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఎన్నేళ్లున్నా ఆ ఇంట్లో ఎవరి మాటలోనూ ‘అండీ’ అరగలేదు. చిన్న వరండా, రెండు కుర్చీలు. పూలకుండీ ఒక్కటి కూడా లేదు. ఒకసారి ఆ సంగతే అడిగితే సారు, “ఎక్కణ్ణుంచి తెచ్చానని అడుగుతారు కదమ్మా” అన్నారు. మా శాఖలో మిగతా అధికారుల మేడలమీద ఉండే తోటలు చూసినవారికి ఆ జవాబు విలువ తెలుస్తుంది.

సంతాపసభ తిరుమలగిరిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. గుర్తింపు కార్డు మీది ఫోటోను ఎలాగో సంపాదించి, పెద్దది చేసి, వెనక గులాబీ తోట అతికించారు. ఆ తోటలో నిలబడి సారు మమ్మల్నందరినీ అనుమానంగా చూస్తున్నారు. మాట్లాడినవారిలో ఒకరు ఆయన చట్టాన్ని మానవత్వంతో అమలు చేశారన్నారు. ఇంకొకరు మొక్కలకు ప్రాణదాత అన్నారు. అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని, “సారు మా నర్సరీకి వస్తే మాకు పండుగ లెక్క ఉండేది” అన్నాడు. సారు జీపు వస్తోందని తెలిస్తే గేటుకు తాళం వేయించి, కూలీలను ఇళ్లకు పంపేసిన మనిషి అతనే. పండుగకు సెలవు ఇవ్వడం మర్యాదే కదా అని సరిపెట్టుకున్నాను.

సభ ముగిశాక వచ్చినవారందరికీ ‘సారు జ్ఞాపకార్థం’ అని చీటీ అంటించిన దానిమ్మ మొక్క ఒక్కొక్కటి ఇచ్చారు. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఇంటికి తెచ్చి, సంచి చీల్చి, మట్టి కడిగి, వేరును వెలుతురుకెత్తి చూశాను. ఆరోగ్యమైన దానిమ్మ వేరు దారంలా సాఫీగా ఉంటుంది. ఇది పూసలు గుచ్చినట్టుంది. ఆ బుడిపెల్లో నులిపురుగులు కాపురముంటాయి. కంటికి కనిపించనంత చిన్నవి. వేరు లోపలే తింటాయి, గుడ్లు పెడతాయి. పైన మొక్క కొంతకాలం పచ్చగానే ఉంటుంది. రైతు దాన్ని కొని పొలంలో నాటి, నీళ్లు పెట్టి, ఎరువులు వేసి, కాపు కోసం ఎదురుచూసే వేళకు మొక్క వాడిపోవడం మొదలవుతుంది. అప్పటికి పురుగు పొలమంతా పాకి ఉంటుంది. ఆ నేల నుంచి దాన్ని పూర్తిగా వెళ్లగొట్టడం ఎవరి తరమూ కాదు. సారు జ్ఞాపకార్థం వారు ఇంతకంటే నిజాయితీగల కానుక ఇవ్వలేరు. ఆ మొక్కను ఎండబెట్టి కాల్చేశాను.

కొత్త నర్సరీల చట్టం వచ్చినప్పుడు మా శాఖలో మిఠాయిలు పంచారు. చట్టం మంచిదే. మొక్కలు అమ్మేవారు రిజిస్టరు కావాలి. ప్రతి మొక్కా ఏ తల్లి చెట్టు నుంచి వచ్చిందో రాసి ఉంచాలి. తెగులు సోకిన మొక్కలను అమ్మకూడదు, ధ్వంసం చేయాలి. చట్టాలు పుట్టుకతో ఆరోగ్యంగానే ఉంటాయి. ఆఫీసుకు చేరాకే వాటికి చీడ పడుతుంది. ఈ చట్టానికి పట్టిన మొదటి చీడ, దాన్ని అందరూ ఒక పటంగా అర్థం చేసుకోవడం. పెద్ద నర్సరీల యజమానులు రిజిస్ట్రేషన్ పత్రానికి ఫ్రేము కట్టించి, దేవుళ్ల పక్కన మేకు కొట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. మా తనిఖీ అధికారులు వెళ్లి ఆ దండ వాడిందా లేదా అన్నది చూసి, కొబ్బరినీళ్లు తాగి, జీపు వెనక రెండు క్రోటన్లు పెట్టించుకుని వచ్చేవారు. తనిఖీ అంటే ఆకులు చూడటం. తనిఖీ ఉందని ముందే తెలుస్తుంది గనుక, ఆకులను ముందే కడిగి మెరిపించి ఉంచడం నర్సరీల ఆనవాయితీ.

సారు ఆకులు చూసేవారు కాదు. గేటు దాటగానే ఒక బకెట్ నీళ్లు అడిగేవారు. వరుసలో ముందు నిలబెట్టిన మొక్కలను వదిలేసి, మధ్యలోంచి ఒకటి తీయించి, జేబులోని చిన్న కత్తితో సంచి చీల్చి, వేళ్లు కడిగి చూసేవారు. నర్సరీలవాళ్లు ఆయనకు బకెట్ సారు అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు. ఆయన దాన్ని హోదాలాగే స్వీకరించారు. “మిగతావాళ్లను కొబ్బరిబోండాం సారు అంటున్నారటమ్మా. నాది నయం” అన్నారొకసారి నాతో.

యాప్రాల్‌లో రోడ్డు పక్కన సత్తెమ్మ నర్సరీ ఉండేది. నర్సరీ అంటే, ఒక ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని పైన పచ్చ వల కట్టిన నీడ. భర్త పోయాక దానిమీదే ఆమె బతుకు. పెద్ద నర్సరీల నుంచి చిన్న సంచుల్లో మొక్కలు హోల్‌సేల్‌గా తెచ్చుకుని, పెద్ద సంచుల్లోకి మార్చి, కొంత పెంచి అమ్మేది. రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తు మా ఆఫీసులో ఏ బల్లమీద పడి ఉందో ఆ బల్లకే తెలియాలి.

ఆమె దగ్గర దానిమ్మ మొక్కలు కొన్న ఒక రైతు వాటిని పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. పరీక్ష చేసింది నేనే. నులిపురుగులు ఉన్నాయని రాశాను. ఉన్నవి ఉన్నాయని రాయడం వరకే నా పని. మా పై అధికారి ఆ నివేదికను ఎంత వేగంగా చదివారంటే, ఆ ఆఫీసులో అంతకు ముందు గానీ తరవాత గానీ ఏ కాగితానికీ అంత వేగం అబ్బలేదు. రిజిస్ట్రేషన్ లేని నర్సరీ, రోగం ఉన్న మొక్కలు, వెనక ఎవరూ లేని ఆడమనిషి. చట్టాన్ని ఇంత తేలికగా అమలు చేసే అవకాశం మళ్లీ రాదు. సత్తెమ్మ దానిమ్మ మొక్కలన్నీ ధ్వంసం చేసి, నర్సరీ మూయించమని సారును ఆదేశించారు.

సారు నన్నూ వెంట తీసుకెళ్లారు. సత్తెమ్మ నడుముకు కొంగు బిగించి ఎదురొచ్చింది.

“ఏం సారూ, గరీబోళ్ల నర్సరీనే కనవడ్తదా మీకు? రోగం నేను పుట్టిచ్చిన్నా? నా తాన ఒక్క తల్లి చెట్టన్న ఉన్నదా, మీరే చూడున్రి.”

“లేదు. మరి ఎక్కణ్ణుంచి తెచ్చావమ్మా?”

ఆమె కొంగు ముడి ఇంకాస్త బిగించింది.

“చెప్పు. రాసుకుంటాను.”

“ఎట్ల జెప్పాలె సారూ? పేరు జెప్తే రేపటి సంది నాకు ఒక్క మొక్క సుత ఎవ్వడియ్యడు. వాళ్లందరిదీ ఒక్కటే సంఘం. చెప్పకపోతే మీరు మూయిస్తరు. గింతే గదా? మూయున్రి. అఫ్సర్ల బంగ్లల్ల బాసాన్లు తోముకుని బతుకుత.”

జాలిపడి వదిలేయడం సారుకు తెలియదు. మొక్కలను వదిలేస్తే ఇంకో రైతు పొలం పోతుంది. “ఈ మొక్కలు మాత్రం పోవాలమ్మా, అందులో మార్పు లేదు” అని ఆమెకు సూటిగా చెప్పారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. తరవాత బకెట్ నీళ్లు అడిగారు. మొక్కను సంచిలోంచి తీశారు గానీ, ఆశ్చర్యంగా, కడగలేదు. మట్టి ముద్దను అలాగే బల్లమీద పెట్టి, కేకును కోసినట్టు నిలువునా రెండు చెక్కలుగా కోశారు.

“ఇలా రామ్మా, చూడు” అన్నారు నాతో.

చుట్టూ అంతా ఎర్ర మట్టి. సత్తెమ్మ తన సంచుల్లో నింపేది అదే. మధ్యలో పిడికెడంత నల్ల మట్టి, చిన్న సంచి ఆకారంలోనే, చెక్కు చెదరకుండా ఉంది. సంచి మార్చేటప్పుడు పాత మట్టిని దులపరు. వేరు దెబ్బతింటుందని అలాగే దించుతారు. ఆ నల్లది చెరువు నుంచి తోలుకొచ్చిన ఒండ్రు మట్టి. నల్ల మట్టిలోని వేళ్లమీద బుడిపెలు ముదిరి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, గోధుమరంగుకు తిరిగాయి. ఎర్ర మట్టిలోకి పాకిన వేళ్లమీద మాత్రం బుడిపెలు చిన్నవి, తెల్లవి, లేతవి. రోగం లోపలి నుంచి బయటికి వచ్చింది. నా పరికరాలేవీ లేకుండానే అది ఎవరికైనా కనిపిస్తుంది. రెండు రకాల మట్టినీ వేరువేరుగా పరీక్షించి రాయమన్నారు. ఇన్నాళ్లూ నా ప్రయోగశాలకు వచ్చిన ప్రతి నమూనానూ సంచిలోంచి తీసి ఒకే పళ్లెంలో కలిపి ఇచ్చేవారు. మా శాఖ పద్ధతి అది.

“నువ్వు ఎవరి పేరూ చెప్పకమ్మా” అన్నారు సారు సత్తెమ్మతో. “నల్ల మట్టి వాడే నర్సరీ ఏదో నేను వెతుక్కుంటాను.”

వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. చెరువు మట్టిని లారీలకెత్తి తోలించుకోగల స్తోమత ఆ చుట్టుపక్కల ఒక్క అధ్యక్షుడికే ఉంది.

ఆ రోజు అధ్యక్షుడి గేటుకు తాళం లేదు. ముందుగా చెప్పకుండా వెళ్లాం. సారు బకెట్ నీళ్లు అడిగితే, “అయ్యో సార్, బోరు మోటరు కాలిపోయింది. చుక్క నీళ్లు లేవు, చానా పరేషాన్‌ల ఉన్నం” అన్నాడు. అతని వెనక వరుస వరుసనా స్ప్రింక్లర్లు గిర్రున తిరుగుతున్నాయి. మా ముఖాలమీద కూడా తుంపర పడింది. సారు ఖాళీ బకెట్ తెచ్చి ఒక స్ప్రింక్లర్ కింద పెట్టి, అది నిండేవరకు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అధ్యక్షుడు ఆఫీసు గదిలోకి వెళ్లి దండతో సహా ఫ్రేమును తీసుకొచ్చాడు. “మాది రిజిస్టర్డ్ నర్సరీ సార్. గవర్నమెంటు సంతకం ఉంది, చూడున్రి. ఇగ రోగం ఎట్లుంటది?”

“నులిపురుగుకు చదువు రాదండీ” అన్నారు సారు. “సంతకం చూపించినా తెలుసుకోదు. పక్కకు జరగండి, వెలుతురు అడ్డొస్తోంది.”

కోసిన ప్రతి ముద్దా నల్లగానే ఉంది. ప్రతి వేరూ బుడిపెలే. తల్లి చెట్ల మొదట్లో తవ్వితే అక్కడా అదే. సారు అక్కడే, స్టూలుమీద కూర్చుని, దానిమ్మ మొక్కలన్నీ ధ్వంసం చేయాలని, అంతవరకు ఒక్కటి కూడా గేటు దాటకూడదని నోటీసు రాసి చేతికిచ్చారు. సత్తెమ్మ పేరు అందులో ఎక్కడా లేదు.

మర్నాడు మా పై అధికారి సారును గదిలోకి పిలిచారు. మట్టి నివేదిక ఇచ్చాను గనుక నన్నూ పిలిచారు.

“మీరు సీనియర్లు. కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించాలి. ఆ యాప్రాల్ ఆవిడది పూర్తి చేసేయండి. ఇది పెద్ద నర్సరీ, పేరున్న మనిషి.”

“ప్రాక్టికల్ అంటే ఎంత పెద్ద నర్సరీ వరకండీ? ఆ కొలత చెబితే నేను టేపు పట్టుకెళ్తాను.”

“మొక్కలే కదండీ, మనుషులు కాదు కదా!”

“నాటుకునేది మనుషులేనండీ.”

ఆ తరవాత జరిగినదంతా చట్టప్రకారమే జరిగింది. అందుకే చెప్పడానికి అసహ్యంగా ఉంటుంది. నోటీసుమీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. అధ్యక్షుడు చేసుకున్నాడు. అప్పీలు తేలేవరకు నోటీసు ఆగింది. నోటీసు ఆగినన్నాళ్లు గేటు తెరుచుకుంది. దానిమ్మ మొక్కలు లారీలకెక్కి రాయలసీమ దారి పట్టాయి. ఓడల్లో వచ్చే విదేశీ చీడలను రేవులోనే ఆపడానికి మనకు తెల్లవాళ్ల నాటి చట్టం ఒకటి ఉంది. పట్టపగలు తిరుమలగిరి నుంచి వెళ్లే లారీని ఆపడానికి మాత్రం ఎవరి చేతా కాలేదు. చివరికి అప్పీలు తేలింది. ధ్వంసం చేయడానికి అక్కడ మొక్కలే లేవు గనుక విషయం ముగిసినట్టు భావించడమైనదని రాశారు. అంతటి తీర్పు రాసిన చేయి ఎవరిదో నాకు తెలుసు. అది సంతాపసభలో వేదికమీద సారు ఫోటోకు దండ వేసింది. సారును రికార్డుల గదికి మార్చారు. పదవీ విరమణ వరకు ఆయన అక్కడే ఉన్నారు.

అంత ఓటమిలోనూ ఆయన ఒక్కటి గెలిచారు. సత్తెమ్మ మొక్కలను ధ్వంసం చేసిన నివేదికలో, రోగం బయటి నర్సరీ మట్టితో వచ్చిందనీ, యజమానురాలు తనంత తానే మొక్కలను అప్పగించిందనీ, మూసివేత అవసరం లేదనీ రాశారు. నా మట్టి పరీక్షలను దానికి జతచేశారు. రికార్డుల గదికి వెళ్లాక మొదట వెతికి తీసింది ఆమె దరఖాస్తునే. అది మా పై అధికారి బల్లమీదికి చేరి, సంతకం అయ్యేదాకా రోజూ వెళ్లి ఆ బల్ల ఎదుట నిలబడేవారట. ఆ మనిషి విసుగుతో సంతకం చేశాడు. మా శాఖలో న్యాయం జరిగితే ఇలా, ఎవరో విసిగిపోయినప్పుడు జరుగుతుంది.

కానీ కాగితం వచ్చినంత మాత్రాన నర్సరీ నిలబడదు. దానిమ్మలన్నీ సంచుల్లోంచి పీకి, ఎండబెట్టి, కాల్చేశాక సత్తెమ్మకు మిగిలింది బోసినేల. ఆ నేలలోనూ పురుగు దిగి ఉంటుంది. ఆమె పచ్చ వల విప్పి మడతపెట్టేసింది. తిరుమలగిరిలో ఒక అఫ్సరు ఇంట్లో పని మాట్లాడుకుంది కూడా.

ఆ వేసవిలో ఒక ఆదివారం సారు నన్ను యాప్రాల్ రమ్మన్నారు. వెళ్లేసరికి ఆయన చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. ఇస్త్రీ చొక్కా, మెరుగుపెట్టిన బూట్లు. అప్పటికి ఆయనకు ఏ నర్సరీలోనూ అడుగుపెట్టే అధికారం లేదు. నేలను అంతకుముందే సత్తెమ్మ చేత తిరగదవ్వించి, చదును చేయించి, బాగా తడిపించి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరిపించారు. అంచులు మూసి ఎండకు వదిలేస్తే లోపలి తడిమట్టి ఉడుకుతుంది. పురుగూ, దాని గుడ్లూ చాలావరకు చస్తాయి. ‘చాలావరకు’ అన్న మాటను ఆయన ఆమెకు పదేపదే చెప్పారు. పూర్తిగా అని ఆశపెట్టలేదు. ఎక్కడా గాలి దూరకూడదు, అదొక్కటే షరతు. అందుకే ప్రతి ఆదివారం వచ్చి చూసి వెళుతున్నారని అప్పుడు తెలిసింది.

సత్తెమ్మ గోడనీడన కూర్చుని ఆయన్ని ఆటపట్టిస్తోంది.

“గిదేంది సారూ! మొక్కలు కాలవెట్టిస్తిరి, ఇప్పుడు మట్టిని సుత ఉడకవెడ్తున్రు. ఇగ నేనేం అమ్మాలె? ఉడకవెట్టిన మన్నా?”

“అమ్ముకోమ్మా. మన సికింద్రాబాదులో దానికీ ఫ్రేము కట్టించి దండ వేసేవాళ్లున్నారు.”

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తరవాత ఇంకో గొంతుతో అడిగింది: “వానలు పడ్డంక ముందుగాల ఏం పెట్టాలె సారూ?”

పట్టా మూలన ఒకచోట గాలికి అంచు లేచింది. ఆయన ఆ ఇస్త్రీ బట్టలతోనే అక్కడ మోకాళ్లమీద కూర్చుని, అంచును మట్టిలోకి దోపి, అరచేతులతో అదిమి, అదిమిన చోటు మళ్లీ అదిమారు. “బంతిపూల మొక్కలు పెట్టు. ఆ వేరు ఈ పురుగుకు పడదు” అన్నారు తల ఎత్తకుండానే. ఆ పట్టా కింద ఒక్క పచ్చని ఆకు కూడా లేదు. లోపలివైపు నిండా నీటిబొట్లు పట్టి ఎండకు మెరుస్తున్నాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి, మళ్లీ ఆ మట్టిలోకే రాలుతున్నాయి.